దండు విడిది చేసిన చోట

అందరికీ నమస్కారం.

రోమన్ దండు శత్రుదేశంలో ఎక్కడ దిగితే అక్కడ చుట్టూ కందకం తవ్వేది. తవ్విన మట్టినే కట్టగా పోసి, లోపల తోలు గుడారాలు వేసుకునేది. గుడారానికి ఎనిమిది మంది. కదిలేటప్పుడు అన్నీ చుట్టేసుకుని వెళ్లిపోయేవాళ్లు. పందొమ్మిది వందల ఏళ్ల తర్వాత మనకు చాలాచోట్ల మిగిలింది పూడిపోయిన ఆ కందకమే.

స్కాట్లండ్‌లో ఇలాంటి విడిదులను ఎక్కువగా విమానాల్లోంచే పట్టుకున్నారు. పూడిన కందకంలో మన్ను లోతు, తేమ నిలుస్తుంది. వానలు ముఖం చాటేసిన వేసవిలో బార్లీ చేనంతా పండుబారుతుంటే, ఆ గీత మీది పైరు మాత్రం పచ్చగా, ఏపుగా ఉంటుంది. పైనుంచి చూస్తే మూలలు గుండ్రంగా తిరిగిన పెద్ద దీర్ఘచతురస్రం! రైతుకు ఎండిన ఏడాది పురావస్తువాళ్లకు పండినట్టే.

చిక్కు ఎక్కడంటే, గీత దొరుకుతుంది గానీ తేదీ దొరకదు. కుండపెంకులు, నాణేలు బహు అరుదు. అందుకని ఒకే విస్తీర్ణం ఉన్నవాటిని ఒకే దండయాత్రకు కట్టబెట్టడం అలవాటైంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ సెయింట్ జోసెఫ్ ఆకాశం నుంచి ఎన్నో విడిదులు కనిపెట్టిన మనిషి. స్కాట్లండ్ ఈశాన్యంలోని దుర్నో దగ్గర సుమారు 144 ఎకరాల విడిదిని చూసి, రోమన్ సేనాని అగ్రికోలా స్థానిక తెగలపై గెలిచిన మోన్స్ గ్రౌపియస్ యుద్ధం ఆ పక్కనే జరిగిందన్నాడు. ఆ యుద్ధం గురించి మనకు చెప్పింది రోమన్ చరిత్రకారుడు టాసిటస్. ఆయన అగ్రికోలాకు స్వయానా అల్లుడు; మామగారి గొప్పలు ఎంత రాశాడో, చోటు గురించి అంత తక్కువ రాశాడు. నన్నడిగితే, కొలత కలిసినంత మాత్రాన తేదీ కలిసినట్టు కాదు. ఒక దండు తవ్విన విడిదిలో మరో దండు దిగి ఉండొచ్చు.

కందకం వదిలేసి లోపల వెతికితే ఏమవుతుందో కింటోర్ చూపించింది. ఆబర్డీన్‌కు దగ్గర్లోని ఆ ఊళ్లో సుమారు 110 ఎకరాల విడిది ఉంది. 2000 నుంచి 2006 వరకు అక్కడ తవ్వితే వందకు పైగా రొట్టె పొయ్యిలు బయటపడ్డాయి! నేలలో గుంట, కాలి ఎర్రబడిన మన్ను, బొగ్గు, అంతే. కొన్నిటిని మళ్లీ మళ్లీ రాజేసిన ఆనవాళ్లున్నాయి. ఒక్క రాత్రి మజిలీకి అంత అవసరం ఉండదు. బొగ్గుకు వయసు తేల్చే కార్బన్ పరీక్ష చేయొచ్చు. అయితే అది కొన్ని దశాబ్దాల పరిధి చెబుతుంది గానీ, ఫలానా ఏడాది అని తేల్చదు.

అదీ అక్కడ కొత్త ఇళ్లు కట్టబోతున్నారు కాబట్టి అంత నేల తెరిచారు. మిగతా విడిదుల్లో చాలావాటికి కందకాన్ని అడ్డంగా ఒకటి రెండు చోట్ల కోసి చూశారే తప్ప, లోపలి నేలను ఎవరూ ముట్టుకోలేదు.