సోమవారం పొద్దున వచ్చే కడుపునొప్పి

అందరికీ నమస్కారం.

థెరపీకి, అంటే మనసు బాధకి మాట్లాడుతూ చేసే చికిత్సకి, వచ్చేవాళ్ళు మొదటి రోజు ఎక్కువగా అడిగే మాట ఒకటుంది: "నేనేం చెయ్యాలో చెప్పండి." అలా అడగడంలో తప్పేమీ లేదు. అయితే సలహాలు కరువై మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. అప్పటికే ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, ఆఫీసులో పక్కసీటువాళ్ళు తలా ఒకటి చెప్పే ఉంటారు. "ఎక్కువ ఆలోచించకు." "ధైర్యంగా ఉండు." "నీకేం తక్కువైందని?" ఈ మాటలన్నీ ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ నాలుగైదు సార్లు ఇలాంటివి విన్నాక ఆ మనిషి తన బాధ గురించి మాట్లాడటమే మానేస్తాడు. చూసేవాళ్ళకి మాత్రం కుదుటపడ్డట్టు కనిపిస్తాడు.

1880లలో వియన్నాలో జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టరు ఒక యువతికి వైద్యం చేశాడు. ఆమె మనసులో ఉన్నది చెబుతూ ఉంటే ఆయన కూర్చుని వినేవాడు. దానికి "మాటల వైద్యం" అని పేరు పెట్టింది ఆ యువతే, బెర్తా పాపెన్‌హైమ్. పేరు పెట్టింది డాక్టరు కాదు, బాధపడిన మనిషి అన్నది నాకెప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. ఆ వైద్యంతో ఆమెకు పూర్తిగా నయం కాలేదు. ఆ తర్వాత కొంతకాలం శానటోరియంలలో ఉండాల్సి వచ్చింది. కోలుకున్నాక స్త్రీల హక్కుల కోసం జీవితమంతా పనిచేసింది. చెప్పుకుంటే చాలు అన్నీ తీరిపోతాయని ఆ రోజు నుంచీ ఎవరూ హామీ ఇవ్వలేకపోయారు. చెప్పుకున్నాక ఏం జరుగుతుందన్నది ముఖ్యం.

1957లో కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక వ్యాసం రాశాడు. థెరపిస్టు ఎదుటి మనిషి లోకాన్ని ఆ మనిషి కళ్ళతో చూడగలగాలి, షరతులు పెట్టకుండా గౌరవించాలి, తను నటించకూడదు. మార్పుకి ఇవి తప్పనిసరి అన్నాడాయన. ఇవి ఉంటే చాలు అని కూడా అన్నాడు, ఆ "చాలు" దగ్గర ఇప్పటికీ వాదన ఉంది. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మరో సైకాలజిస్టు దీన్ని మరింత వివరంగా చెప్పాడు: ఇద్దరి మధ్య నమ్మకం ఉండాలి, ఎటు వెళ్తున్నామో ఇద్దరూ ఒప్పుకోవాలి, అందుకు ఏం చేస్తున్నామో కూడా ఒప్పుకోవాలి. థెరపీ పద్ధతి ఏదైనా, ఈ పొత్తు బాగా కుదిరినచోట ఫలితాలు మెరుగ్గా ఉంటాయని పరిశోధనల్లో పదేపదే కనిపిస్తోంది.

ఇది గదిలో ఎలా ఉంటుందో చెబుతాను. ఒకావిడకి బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, చెమటలు పట్టాయి, చచ్చిపోతానేమో అనిపించింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి గుండె బాగానే ఉందన్నాడు. అయినా ఆమె బస్సు ఎక్కడం మానేసింది. తర్వాత లిఫ్టు, ఆ తర్వాత జనం ఉన్న చోట్లు. మానేసిన ప్రతిసారీ ప్రాణానికి హాయిగా అనిపించేది. చిక్కు అక్కడే ఉంది. తప్పించుకోవడం వల్ల వచ్చిన ఆ హాయి భయాన్ని పెంచి పోషిస్తుంది. ఆ చోట్లో ప్రమాదం లేదని తెలుసుకునే అవకాశమే ఆమెకు మిగలదు. థెరపీలో ఒక రోజు, డాక్టరు పర్వాలేదన్నాకే, ఇద్దరూ కలిసి ఒక నిమిషం పాటు కావాలనే గబగబా ఊపిరి తీస్తారు. తల తిరుగుతుంది, వేళ్ళు చిమచిమలాడతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. అచ్చం బస్సులో అయినట్టే. తర్వాత ఏమీ చెయ్యకుండా కూర్చుంటారు. కాసేపటికి అదే తగ్గిపోతుంది. "నేనేం చెయ్యకుండానే తగ్గిందా?" అని ఆమె అడుగుతుంది. "ప్రమాదం లేదు" అని వందసార్లు చెప్పినా ఎక్కనిది ఒంటికి అనుభవమైతే ఎక్కుతుంది. తర్వాత బస్సులో ఒక్క స్టాపు, ఆ పైన రెండు.

డిప్రెషన్‌లో పని వేరుగా ఉంటుంది. 1960లలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు గమనించిందేమిటంటే, కుంగిపోయిన మనిషి తలలో కొన్ని ఆలోచనలు వాటంతట అవే వచ్చిపోతుంటాయి, ఆ మనిషి వాటిని నిజాలనే అనుకుంటాడు. వాటిని పట్టుకుని, కాగితం మీద పెట్టి, ఇద్దరూ కలిసి పరీక్షించడమే ఆయన పద్ధతికి మూలం. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే మందులూ థెరపీ కలిపి వాడటం చాలామందికి మేలు చేస్తుంది. ఆ నిర్ణయం డాక్టరుతో కలిసి తీసుకోవాలి.

ఇక పిల్లల సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్ళ లోపే, సగం 18 ఏళ్ళ లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ వయసులో "నాకు దిగులుగా ఉంది" అని చెప్పే పిల్లలు ఎంతమంది? పిల్లల దిగులు కోపంగా బయటపడుతుంది, చదువులో వెనకపడటంగా, పక్క తడపటంగా బయటపడుతుంది. లేదంటే సోమవారం పొద్దున కడుపునొప్పిగా వస్తుంది. ఆ నొప్పి నిజమైనది. దయచేసి "నాటకాలాడుతున్నాడు" అనకండి. ముందు పిల్లల డాక్టరుకి చూపించండి. ఒంట్లో ఏ జబ్బూ లేదని తేలినా ఆ నొప్పి నొప్పే.

పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి "ఏమైంది, చెప్పు" అంటే నేల చూపులు చూస్తారు. డోనల్డ్ విన్నికాట్ అనే పిల్లల డాక్టరు ఒక ఆట ఆడేవాడు. తను కాగితం మీద ఒక పిచ్చిగీత గీస్తాడు, పిల్లవాడు దాన్ని ఏదో ఒక బొమ్మగా మార్చాలి. తర్వాత పిల్లవాడి వంతు. గీత పాముగా మారుతుంది, పాము ఇల్లుగా మారుతుంది, ఆ ఇంటికి తలుపు ఉండదు. "ఇందులో ఎవరున్నారు?" అని మెల్లిగా అడిగితే కథ మొదలవుతుంది. ఆట చూసి "ఆడించడానికా ఫీజు?" అనుకునే తల్లిదండ్రులు ఉంటారు. పిల్లలకి ఆటే మాట. తలుపు లేని ఇల్లు గీయగానే ఇదీ అర్థమని థెరపిస్టు తేల్చెయ్యకూడదు, ఆ పిల్లవాడే చెప్పేదాకా ఆగాలి.

ఆ సోమవారం కడుపునొప్పి వెనక బడిలో ఎవరో ఏడిపించడం ఉండొచ్చు. అక్షరాలు కూడబలుక్కోలేని ఇబ్బంది ఉండొచ్చు. కొన్నిసార్లు కారణం బడిలో అసలు ఉండదు, ఇంట్లో ఉంటుంది. నేనిప్పుడు చెప్పేది ఏదో ఒక్క ఇంటి కథ అనుకోకండి, చాలా కుటుంబాల్లో కనిపించే తీరును కలిపి చెబుతున్నాను. అమ్మ, నాన్న, అక్క, తొమ్మిదేళ్ళ తమ్ముడు వచ్చి కూర్చున్నారు. సమస్య తమ్ముడిదే అని అందరూ ఒప్పేసుకున్నారు. థెరపిస్టు వాడి కడుపు గురించి అడగకుండా, "ఇంట్లో అమ్మ దిగులుగా ఉంటే ముందు ఎవరికి తెలుస్తుంది?" అని అడుగుతుంది. అక్క తమ్ముడి వైపు చూస్తుంది. వాడు తల దించుకుని, "నాకు" అంటాడు. "ఎలా తెలుస్తుంది?" "వంటింట్లో చప్పుడు ఉండదు." అమ్మ మొహంలో రంగు మారుతుంది. నాన్న మొదటిసారి అమ్మ వైపు తిరుగుతాడు. పెద్దవాళ్ళిద్దరి మధ్యా నెలల తరబడి మాటల్లేవు, ఆ సంగతి పిల్లలకి తెలియదని ఇద్దరూ అనుకుంటున్నారు. తను బడికి వెళ్తే అమ్మ ఒంటరిగా ఉంటుందని తమ్ముడి దిగులు. వాడి కడుపునొప్పి వాణ్ణి ఇంటి దగ్గర ఉంచుతోంది.

ఇద్దరి మధ్య ఒత్తిడి భరించలేనంతైతే మూడో మనిషిని మధ్యలోకి లాక్కుంటారని మర్రే బోవెన్ అనే సైకియాట్రిస్టు చెప్పాడు. ఆ మూడో మనిషి తరచూ పిల్లలే అవుతారు. సాల్వడార్ మినూచిన్ అనే కుటుంబ థెరపిస్టు కుటుంబాన్ని ఒకేచోట కూర్చోబెట్టి, కుర్చీలు కూడా మార్పించేవాడు: అమ్మా నాన్నల మధ్య ఇరుక్కుని కూర్చున్న పిల్లవాణ్ణి పక్కకి జరిపి, వాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోమనేవాడు. కుర్చీ జరగడం చిన్న విషయంలా ఉంటుంది కానీ, పెద్దవాళ్ళ బరువు పెద్దవాళ్ళే మోయాలన్నది అక్కడ ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది. ఇందులో తల్లిదండ్రుల్ని దోషులుగా నిలబెట్టడం లేదు. చాలామంది తల్లిదండ్రులు తప్పంతా తమదే అంటారేమో అనే భయంతోనే రావడం ఆలస్యం చేస్తారు. దోషం ఎవరిదో తేల్చడానికి కుటుంబ థెరపీ పెట్టలేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉన్నప్పుడు అందర్నీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదం. సెషన్లో నోరు విప్పినందుకు ఇంటికెళ్ళాక దెబ్బలు తినాల్సి రావొచ్చు. అక్కడ ముందు చూడాల్సింది భద్రత, తర్వాతే మిగతావి. అలాగే పెద్ద ప్రమాదమో విపత్తో జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించడం ఒకప్పుడు మంచిదనుకునేవారు. దానివల్ల తర్వాత మనసుని పట్టి పీడించే గాయం (ట్రామా) ఆగదని, కొందరికి ఇంకా హాని జరగొచ్చని తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. తిండి, నిద్ర, సొంతవాళ్ళ జాడ ముందు కావాలి. ఎప్పుడు మాట్లాడాలో ఆ మనిషే చెప్పాలి.

థెరపీ అందరికీ పనిచెయ్యదు, కొందరికి బాధ పెరగడం కూడా ఉంది. కొన్ని వారాలు గడిచినా ఎటు వెళ్తున్నారో తెలియకపోతే ఆ మాట థెరపిస్టుతోనే అనండి. "మీరు నిన్న అన్న మాట నాకు గుచ్చుకుంది" అని కూడా అనొచ్చు. మంచి థెరపిస్టు ఆ మాటకి నొచ్చుకోరు, దాన్ని పట్టుకుని పని చేస్తారు. తెగిన చోట మళ్ళీ అతకడం ఎలాగో అక్కడే నేర్చుకుంటారు. అయినా కుదరకపోతే మారండి. వాళ్ళ చదువేమిటి, శిక్షణ ఏమిటి, ఏ పద్ధతిలో పనిచేస్తారు, నేను చెప్పింది ఎవరితో పంచుకుంటారు, ఇవి మొదటి రోజే అడిగే హక్కు మీకుంది. చెప్పింది రహస్యంగా ఉంటుంది. కానీ ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, పిల్లలకి హాని జరుగుతోందని తెలిసినప్పుడు థెరపిస్టు మౌనంగా ఉండకూడదు. ఈ షరతు ముందే చెప్పని చోట జాగ్రత్తగా ఉండండి.

తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేది, మొదటిసారి వచ్చేముందు పిల్లలకి ఏం చెప్పాలని. "షాపింగుకి వెళ్తున్నాం" అని అబద్ధం చెప్పి తీసుకురాకండి. నమ్మకం మీద నిలవాల్సిన పని అబద్ధంతో మొదలవుతుంది. "అల్లరి మాన్పించేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తా" అని బెదిరించకండి. ఇలా చెప్పొచ్చు: "నీకు పొద్దున్నే కడుపునొప్పి వస్తోంది కదా. అది నీకు నిజంగా కష్టంగా ఉందని మాకు తెలుసు. దాని గురించి మాట్లాడటానికి, ఆడుకోవడానికి ఒకరి దగ్గరికి వెళ్దాం. అక్కడ ఇంజక్షన్లు ఉండవు. నువ్వు తప్పు చేశావని వెళ్ళట్లేదు. మేమూ వస్తాం, మేం కూడా మాట్లాడాలి." ఆ చివరి వాక్యం వదిలెయ్యకండి. చాలామంది పిల్లలకి అన్నిటికంటే ధైర్యం ఇచ్చేది అదే.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.