మొదటి మిల్లీటెస్లాలోనే ఉంది కథంతా

మిత్రులారా, నమస్కారం. బెంగళూరులో వీక్ లోకలైజేషన్ (పల్చటి పొరలో ఎలక్ట్రాన్లు కాస్త చిక్కుబడి నిరోధం పెరగడం) కొలతల గురించి మాట్లాడేటప్పుడు భౌతికశాస్త్రవేత్త టి.వి. రామకృష్ణన్ గారిని తలుచుకోకుండా మొదలుపెట్టలేం. అబ్రహామ్స్, ఆండర్సన్, లిచియార్డెల్లోలతో కలిసి 1979లో ఆయన రాసిన పత్రం తేల్చిందేమిటంటే, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణను పక్కనపెడితే, పల్చటి పొరలో డిజార్డర్ (మలినాలు, లోపాల గజిబిజి) ఎంత తక్కువున్నా పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర ఎలక్ట్రాన్ ఎక్కడో ఒకచోట చిక్కుబడాల్సిందే. తర్వాత చాలా ఏళ్ళు ఆయన ఇక్కడి ఐఐఎస్‌సీలోనే ఉన్నారు.

మలినాలకు గుద్దుకుంటూ తిరిగే ఎలక్ట్రాన్ బయల్దేరిన చోటికే మళ్ళీ రావచ్చు. ఆ చుట్టును కుడినుంచైనా తిరగొచ్చు, ఎడమనుంచైనా తిరగొచ్చు. ఎలక్ట్రాన్ తరంగం కూడా కనుక రెండు వైపులా ఒకేసారి తిరుగుతుంది. ఆ రెండు తరంగాల ఫేజూ (ఊగిసలాటలో ఉన్న దశ) ఒకటే కనుక, వెనక్కొచ్చే అవకాశం మామూలు లెక్కకు రెట్టింపవుతుంది. నిరోధం కాస్త పెరుగుతుంది. ఇదే వీక్ లోకలైజేషన్. పొరకు నిలువుగా అయస్కాంత క్షేత్రం పెడితే ఆ రెండు ఫేజులూ చెరోవైపు జరుగుతాయి, నిరోధం పడిపోతుంది. బంగారంలా స్పిన్-ఆర్బిట్ (ఎలక్ట్రాన్ కదలికకూ, స్పిన్ అనే దాని సొంత అయస్కాంత గుణానికీ ఉన్న ముడి) బలంగా ఉన్నచోట ఇదంతా తిరగబడి, క్షేత్రంతో నిరోధం పెరుగుతుంది.

ఎంత క్షేత్రం కావాలి? హెచ్-బార్‌ను (2పైతో భాగించిన ప్లాంక్ స్థిరాంకం) 4ఈతోనూ (ఈ అంటే ఎలక్ట్రాన్ ఆవేశం), ఫేజ్ చెదరకుండా నిలిచే పొడవు వర్గంతోనూ భాగించండి. పొడవు 1 మైక్రోమీటరైతే వచ్చేది సుమారు 0.16 మిల్లీటెస్లా. బెంగళూరులో భూమి క్షేత్రానికి నాలుగు రెట్లు, అంతే! చిక్కంతా ఇక్కడే. సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్‌లో ఇరుక్కుపోయిన ఫ్లక్స్ (మిగిలిపోయిన అయస్కాంత క్షేత్రం) ఒక్కటే కొన్ని మిల్లీటెస్లాలుంటుంది. పవర్ సప్లై సున్నా చూపించినా శాంపిల్ దగ్గర సున్నా కాదు. పైగా, ఆంపియరుకు 0.1 టెస్లా ఇచ్చే మాగ్నెట్‌లో కరెంటు 1 మిల్లీఆంపియర్ అటూఇటూ అయితే 0.1 మిల్లీటెస్లా తేడా. కొలవాల్సిన శిఖరమే (సున్నా క్షేత్రం దగ్గర నిరోధం ఎగిసే చోటు) దాదాపు అంత వెడల్పు! అందుకే ఈ పనికి చిన్న రాగి కాయిల్ మేలు. రెండు దిశల్లోనూ స్వీప్ చేసి, శిఖరం ఎక్కడుంటే అదే సున్నా అనుకోవాలి. ప్లస్, మైనస్ క్షేత్రాల సగటు తీసేది ఆ తర్వాతే.

సిగ్నల్ మరీ చిన్నదేం కాదు. చదరానికి (పొరలో ఏ చతురస్రపు ముక్కకైనా) 1 కిలోఓమ్ ఉన్న పొరలో మార్పు 12 ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. అది సరిగ్గా కనిపించడం లేదని కరెంటు పెంచేస్తారు. 100 మిల్లీకెల్విన్ దగ్గర ఉష్ణశక్తిని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగిస్తే వచ్చేది 8.6 మైక్రోవోల్టులే. 10 నానోఆంపియర్లు పంపితేనే చదరానికి 10 మైక్రోవోల్టులొచ్చి దాన్ని దాటిపోతుంది. ఎలక్ట్రాన్లు వేడెక్కి, ఉష్ణోగ్రత తగ్గించినా ఫేజ్ పొడవు పెరగదు. దాన్ని కొత్త భౌతికశాస్త్రం అనుకునే ముందు కరెంటు సగం చేసి చూడండి. వక్రం మారితే అది వేడే. మారకపోతే వైర్లలోంచి దిగే రేడియో నాయిస్‌నీ అనుమానించండి, ఫిల్టర్లు చూడండి.

కొలతలకు ఫిట్ చేసేటప్పుడు హికామీ-లార్కిన్-నాగఓకా సూత్రాన్ని (క్షేత్రంతో ఈ నిరోధం ఎలా మారుతుందో చెప్పేది) 1 టెస్లా దాకా లాగడం ఇంకో అలవాటు. రెండు గుద్దుళ్ళ మధ్య దూరం 50 నానోమీటర్లైతే, ఆ సూత్రం 66 మిల్లీటెస్లాల కంటే బాగా కిందనే చెల్లుతుంది.

పొరకు సమాంతరంగా క్షేత్రం పెట్టి స్పిన్‌ను మాత్రమే చూడాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. 5 టెస్లాల్లో శాంపిల్ 1 డిగ్రీ వంగినా నిలువు భాగం 87 మిల్లీటెస్లాలు. వీక్ లోకలైజేషన్ తుడిచిపెట్టుకుపోవడానికి అది చాలు. కంటితో సరిచూస్తే కుదరదు. ప్లస్ 5, మైనస్ 5 టెస్లాల దగ్గర హాల్ వోల్టేజీ (నిలువు క్షేత్రం వల్ల కరెంటుకు అడ్డంగా పుట్టేది) కొలిచి, వాటి తేడా సున్నా అయ్యేదాకా హోల్డర్ తిప్పాలి.