గిట్‌హబ్ పాత డౌన్‌లోడ్స్ ట్యాబ్ పోయింది, మరి రిలీజెస్ ఆ పని చేస్తోందా?

నమస్తే అండి. ముందు ఈ స్క్రీన్ చూడండి. కోడ్ దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఇది నా ప్రాజెక్టు పేజీ. డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో టైప్ చేసిన తెలుగు మ్యాటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న విండోస్ టూల్. మొన్న గుంటూరు నుంచి డీటీపీ పని చేసే ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, జిప్ దించుకున్నాను. విప్పితే ఏవో ఫోల్డర్లు వచ్చాయి. ఏది నొక్కినా తెరుచుకోవట్లేదు" అన్నారు. ఆయన దించుకున్నది సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్‌ని తయారుచేసే మూల రాత; నొక్కితే నడవదు. అసలు ప్రోగ్రామ్ ఫైల్ నేను అక్కడ పెట్టనే లేదు. తప్పు నాదే. ఆయన అరగంట వృథా అయింది. అందుకే ఈ వీడియో.

ఈ తికమక పాతదే. ఒకప్పుడు గిట్‌హబ్‌లో డౌన్‌లోడ్స్ అని ఒక ట్యాబ్ ఉండేది. మీ ఇన్‌స్టాలర్‌ని అక్కడ అప్‌లోడ్ చేస్తే చాలు, జనం దించుకునేవాళ్లు. రిపోలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) ఉన్న ఫైళ్లకీ, ఇలా విడిగా పెట్టిన ఫైళ్లకీ తేడా తెలియక అందరూ తికమక పడుతున్నారని చెప్పి 2012 డిసెంబర్‌లో దాన్ని తీసేశారు. కొందరు సోర్స్‌ఫోర్జ్ అనే ఇంకో సైట్‌కి వెళ్లారు, కొందరు అమెజాన్ ఎస్3 అనే ఆన్‌లైన్ స్టోరేజీలో పెట్టుకున్నారు. ఇంకొందరు ప్రోగ్రామ్ ఫైల్‌ని నేరుగా రిపోలోనే కమిట్ చేశారు, అంటే కోడ్‌తో కలిపి భద్రపరిచారు. దయచేసి ఈ పని మాత్రం చేయకండి. మీరు తర్వాత డిలీట్ చేసినా గిట్ (కోడ్ మార్పులన్నీ గుర్తుపెట్టుకునే టూల్) హిస్టరీలో ప్రతి పాత కాపీ అలాగే ఉండిపోతుంది, క్లోన్ చేసిన, అంటే రిపో మొత్తం దించుకున్న ప్రతివాళ్లూ ఆ బరువంతా మోయాలి. పైగా 100 ఎంబీ దాటిన ఫైల్‌ని గిట్‌హబ్ పుష్ చేయనివ్వదు, అంటే పైకి పంపనివ్వదు.

2013 జులైలో గిట్‌హబ్‌లో రిలీజెస్ వచ్చింది. ప్రోగ్రామ్ ఒక్కో వెర్షన్‌ని ఫైళ్లతో సహా విడుదల చేసే చోటు ఇది. పాతదానికంటే ఇది ఎందుకు మెరుగంటే, ఇక్కడ ప్రతి డౌన్‌లోడూ ఒక గిట్ ట్యాగ్‌కి, అంటే ఆ వెర్షన్ కోడ్‌కి పెట్టిన గుర్తుకి, కట్టి ఉంటుంది. ఈ ఇన్‌స్టాలర్ ఏ కోడ్ నుంచి వచ్చిందో రెండేళ్ల తర్వాత కూడా వెతికి పట్టుకోవచ్చు. పాత ట్యాబ్‌లో ఆ లంకె లేదు. ఏం మారిందో అక్కడే రాయొచ్చు. ఇంకా పరీక్షలో ఉన్నదైతే ప్రీ-రిలీజ్ అని గుర్తు పెట్టొచ్చు. ఒక్కో ఫైల్ 2 జీబీ లోపు ఉండాలి, మొత్తం సైజుకీ బ్యాండ్‌విడ్త్‌కీ పరిమితి లేదు. డబ్బు పెట్టలేని చిన్న డెవలపర్‌కి ఇది చాలా పెద్ద సాయం.

ఇక నాకు నచ్చనిది. ప్రతి రిలీజ్ కింద సోర్స్ కోడ్ జిప్, టార్ (జిప్ లాంటిదే ఇంకో ప్యాక్) అని రెండు లింకులు వాటంతటవే వస్తాయి. వాటిని దాచే వీలు లేదు. మామూలు మనిషికి జిప్ అనే మాట తెలుసు కాబట్టి అదే నొక్కుతాడు. 2012లో ఏ తికమక పోవాలని ట్యాబ్ తీసేశారో, అది ఇంకో రూపంలో ఇక్కడే మిగిలింది.

డెవలపర్లకి కూడా ఆ రెండు లింకులతో చిక్కే. సబ్‌మాడ్యూల్స్, అంటే మన రిపోలో కలిపి వాడే వేరే రిపోలు, వాటిలోకి రావు. 2023 జనవరి 30న గిట్‌హబ్ వాళ్లు కంప్రెషన్ పద్ధతి మార్చేసరికి లోపల కోడ్ అదే ఉన్నా టార్ ఫైళ్ల చెక్‌సమ్‌లు (ఫైల్ మారలేదని సరిచూసే విలువలు) మారిపోయాయి, ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు, అంటే కోడ్ నుంచి ప్రోగ్రామ్ తయారుచేసే పనులు, ఆగిపోయాయి. అదే రోజు మార్పుని వెనక్కి తీసుకున్నారు. కాబట్టి సోర్స్ అయినా సరే, మీరే ప్యాక్ చేసి ఫైల్‌గా అటాచ్ చేయండి. 2025 నుంచి అటాచ్ చేసిన ఫైళ్ల పక్కన ఎస్‌హెచ్‌ఏ-256 అనే చెక్‌సమ్ విలువ కూడా కనిపిస్తోంది, సరిచూసుకోవడం తేలికైంది.

నా పేజీలో ఏం మార్చానో చూడండి. ఇన్‌స్టాలర్ అటాచ్ చేశాను, ఫైల్ పేరులో వెర్షన్ నంబర్ తీసేశాను. ఎందుకంటే రిలీజెస్, లేటెస్ట్, డౌన్‌లోడ్, తర్వాత ఫైల్ పేరు అనే వరసలో ఒక లింకు ఉంటుంది. ప్రతిసారీ ఫైల్ పేరు ఒకటే ఉంటే ఆ లింకు ఎప్పుడూ కొత్త వెర్షన్‌నే ఇస్తుంది. ప్రీ-రిలీజ్‌ని అది లెక్కలోకి తీసుకోదు, కాబట్టి పరీక్షలో ఉన్నది జనం చేతికి పోతుందన్న టెన్షన్ లేదు. ఆ లింకుని రీడ్‌మీలో (ప్రాజెక్టు పేజీలో కనిపించే పరిచయంలో) మొదటి లైన్‌గా, తెలుగులో, "ప్రోగ్రామ్ ఇక్కడ దించుకోండి" అని పెట్టాను.

గుంటూరు ఆయనకి అదే లింకు వాట్సాప్‌లో పంపాను. నిన్న ఒక పేజీ మార్చి చూసి, ఒక చోట క్ష కింద ఒత్తు తప్పు పడుతోందని ఫొటో తీసి పంపారు. అది ఈ రాత్రికి సరిచేస్తాను. ఆయనకి మళ్లీ కొత్త లింకు పంపక్కర్లేదు.