తక్‌పట్టీ వెనక లెక్క

(గుంటూరులోని ఒక ఫార్మసీ కాలేజీలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకూ, ఎదురుగా ఉన్న పిల్లలకూ నమస్కారం. శాలువాలకే ఇరవై నిమిషాలు పోయింది కాబట్టి నేరుగా విషయానికొస్తాను. ‘మేధోసంపత్తి చట్టాలు, మందులు’ అని టాపిక్ ఇచ్చారు. నేను లాయర్ని కాను. కొత్తపేటలో ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి.

2011 వేసవిలో ఒక రైతు మిర్చి యార్డు నుంచి నేరుగా షాపుకొచ్చాడు. చొక్కా నిండా మిరప ఘాటు, నాకు ఒకటే తుమ్ములు. భార్యకి కిడ్నీ క్యాన్సర్. చీటీలో సొరాఫెనిబ్, రోజుకి నాలుగు మాత్రలు. స్టాకిస్టుకి ఫోన్ చేసి రేటు చెప్పాను: నెలకి 120 మాత్రలు, 2,80,428 రూపాయలు. జేబులోంచి తక్‌పట్టీ, అదే, యార్డులో సరుకు అమ్మినందుకు ఇచ్చే లెక్క కాగితం, తీసి వెనక లెక్కేసుకున్నాడు. మాత్ర 2,300 పైమాటే.

“ఏముంది బాబూ ఇందులో అంత?”

“పేటెంటండీ.”

“అంటే?”

నాకు చెప్పడం చేతకాలేదు. డిగ్రీ మాత్రం గోడకి వేలాడుతోంది!

ఇప్పుడు చెబుతాను. పేటెంటంటే, కనిపెట్టినవాడి అనుమతి లేకుండా ఇంకెవరూ దాన్ని చేసి అమ్మకూడదన్న హక్కు. 1970 పేటెంట్ చట్టంలో మందుకి పేటెంట్ లేదు, తయారుచేసే పద్ధతికే. అందుకే మనవాళ్లు వేరే దారిలో అదే మందు చేసి చవగ్గా అమ్మారు. 2005 నుంచి మందుకే 20 ఏళ్ల పేటెంట్. కొత్త మందు కనిపెట్టడం ఆటలు కాదు, ఖర్చు రావాలి, ఒప్పుకుంటాను. కానీ జనానికి అందని ధర పెడితే ఇంకొకరికి లైసెన్స్ ఇవ్వొచ్చని 84వ సెక్షన్ ఉంది. 2012 మార్చిలో దాని కిందే నాట్కో అనే మందుల కంపెనీకి ఆ సొరాఫెనిబ్ చెయ్యడానికి అనుమతి వచ్చింది. నెల మందు 8,800కి దిగింది. ఆ కంపెనీ పెట్టింది మన జిల్లావాడే, చప్పట్లు కొట్టండి.

కొట్టారా? అంతకుముందు అలాంటి లైసెన్స్ లేదు, ఆ తర్వాతా ఇంకొకటి రాలేదు.

ఆ వార్త చదివిన రోజు రైతు గుర్తొచ్చాడు. ఊరు పేరైనా అడగలేదు నేను.

సరే, అదే చట్టంలో 3(డి) సెక్షన్ సంగతి. పాత మందుకే కొత్త రూపమిచ్చి, గుణం పెరిగిందని చూపకుండా మళ్లీ పేటెంట్ అడిగితే కుదరదు. 2013లో క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందదే. ఇలాంటి దరఖాస్తుకి, పేటెంట్ ఇవ్వకముందే ఎవరైనా అడ్డు చెప్పొచ్చు. ఎవరైనా! మీరూ. 2023లో టీబీ మందు బెడాక్విలిన్ మీద అలా అడ్డు పడి గెలిచినవాళ్లలో ఇద్దరు టీబీ నుంచి బయటపడ్డ అమ్మాయిలు. నా కోపమల్లా, 2024లో అలా అడ్డు చెప్పడానికి ఫీజు పెట్టారు. పైగా మన అభ్యంతరం వినదగ్గదా కాదా అని ముందే తేలుస్తారు.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకుంటున్నారు. ఆ అభ్యంతరం ఎలా రాయాలో తెలుసుకోవాలనుకునేవాళ్లు రండి, కింద కాఫీ దగ్గరే ఉంటాను.