పాత లెన్స్ కొంటున్నారా? ముందు టార్చ్ వెయ్యండి

[టేబుల్ మీద గీతలు పడిన పాత 28 ఎం.ఎం. లెన్స్, పక్కన ఫోన్]

పాత మాన్యువల్ లెన్స్ చేతికి రాగానే అందరూ పైన గీతలు చూస్తారు. గొట్టం మీద గీతలు ఎన్నున్నా ఫొటోకి నష్టం లేదు. శ్రీకాకుళం, కళింగపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఏళ్లుగా బీరువాలో ఉండిపోయిన లెన్స్‌కి అసలు గండం ఫంగస్.

[క్లోజప్: వెనక నుంచి ఫోన్ లైట్]

రెండు మూతలూ తీసి, ఎపర్చర్ (వెలుతురు వెళ్లే రెక్కల రంధ్రం) పూర్తిగా తెరవండి. వెనక నుంచి లైట్ ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. తర్వాత లెన్స్ తిప్పి మళ్లీ చూడండి. విడివిడి చుక్కలైతే దుమ్ము, పట్టించుకోకండి. సాలెగూడులా పాకిన పోగులైతే ఫంగస్. ముందు గాజు అంచున కాస్త ఉంటే బేరమాడి తీసుకోవచ్చు. వెనక గాజు మీద ఉంటే వద్దు, ఫొటోలో తేడా త్వరగా తెలిసేది అక్కడే. గాజంతా మసగ్గా ఉంటే ఎండకి ఎదురు తీసినప్పుడు నలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది.

ఎపర్చర్ రెక్కల మీద నూనె మెరుస్తుంటే? మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా మీద రెక్కల్ని మనమే ముందుగా మూస్తాం కాబట్టి పని నడుస్తుంది. కానీ ఆ నూనె ఆవిరై గాజుకి పడుతుంది. ధర తగ్గాల్సిందే.

[అడాప్టర్, చేతిలో తిప్పుతూ]

పాత లెన్స్‌ని కొత్త కెమెరాకి బిగించే రింగే అడాప్టర్. ఎం42 (పాత మరచుట్టు రకం) లెన్స్‌కి మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్ దాకా 45.46 మి.మీ. దూరం కావాలి. సోనీ ‘ఈ’ (E) మౌంట్‌ది 18 మి.మీ. తేడా 27.46, అడాప్టర్ మందం అదే. అద్దం ఉండే నికాన్ డీఎస్ఎల్ఆర్‌ది 46.5, అంటే కావలసినదానికంటే ఎక్కువ. అందుకే గాజు లేని అడాప్టర్‌తో దానిమీద ఎం42 పెడితే దూరపు కొండ ఫోకస్‌కి రాదు. చవక అడాప్టర్లు ఒక్కోసారి కాస్త పల్చగా వస్తాయి. అప్పుడు దూరపువి అందుతాయి గానీ లెన్స్ మీది దూరాల అంకెలు తప్పుతాయి. లెన్స్ మీద ఆటో/మాన్యువల్ స్విచ్ ఉంటే మాన్యువల్‌లో పెట్టండి, లేదంటే కొన్ని అడాప్టర్లతో రెక్కలు మూసుకోవు. కెమెరా మెనూలో ‘లెన్స్ లేకుండా షటర్’ ఆన్ చెయ్యండి.

[విజయనగరం, మూడులాంతర్ల దగ్గర జనం]

దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, పూజారి కూర్చున్న పొడవాటి మాను (సిరిమాను) ఊరేగే పండగ. ఆ తోపులాటలో రింగ్ తిప్పుతూ కూర్చుంటే సిరిమాను దాటిపోతుంది. ఏపీఎస్-సీ (ఫిల్మ్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా మీద 28 ఎం.ఎం. లెన్స్‌ని ఎపర్చర్ ఎఫ్/8లో, 5 మీటర్ల దగ్గర ఫోకస్ చేసి వదిలెయ్యండి. సుమారు రెండున్నర మీటర్ల నుంచి ఎంత దూరమైనా స్పష్టంగా వస్తుంది. షటర్ 1/250, ఐఎస్ఓ ఆటో. అయితే ఆ 5 మీటర్లని లెన్స్ మీది అంకె చూసి పెట్టకండి. ముందురోజే ఇంట్లో టేపుతో కొలిచి, స్క్రీన్ జూమ్ చేసి ఫోకస్ పెట్టి, రింగ్ ఎక్కడ ఆగిందో అక్కడ సన్నటి టేపు ముక్క అంటించండి. లెన్స్ మీది డెప్త్ గీతలు (ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టంగా వస్తుందో చూపేవి) కూడా ఫిల్మ్ లెక్కవి. ఈ సెన్సర్‌కి ఎఫ్/8లో తీసినా 5.6 గీతలనే నమ్మండి.

[గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా]

ఇంటికొచ్చాక తోలు కేసులో పెట్టకండి, తోలు తేమ పీలుస్తుంది. బియ్యం డబ్బా సలహా కూడా వద్దు, తవుడు రింగుల్లోకి దూరుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటర్ పెట్టి 40–50 శాతం మధ్య ఉంచండి. ఫంగస్ పట్టిన లెన్స్‌ని బాగు చేయించేదాకా వేరే డబ్బాలో పెట్టండి.