కడుపులో కన్నం వేసిన దొంగ

అందరికీ నమస్కారం.

కడుపులో మంటగా ఉందని డాక్టరు దగ్గరకు వెళితే మా చిన్నతనంలో ఒకటే మాట చెప్పేవారు: కారం తగ్గించండి, వేళకు తినండి, దిగులు పెట్టుకోకండి. అప్పటి వైద్య పుస్తకాల్లో ఉన్నది అదే కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం. కడుపులో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది, అందులో ఏ సూక్ష్మజీవీ కాపురం ఉండలేదని గట్టి నమ్మకం. మన పెద్దలు జఠరాగ్ని అన్నారు. నిప్పులో పురుగు బతుకుతుందంటే ఎవరు నమ్ముతారు?

1979 జూన్ 11న ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు ఆ పురుగును చూశారు. అది ఆయన 42వ పుట్టినరోజు. రోగి జీర్ణాశయం నుంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే, వాచిన పొరకు అంటుకుని వంకర తిరిగిన బ్యాక్టీరియా కనిపించింది. తోటివారు పెద్దగా పట్టించుకోలేదు. 1981లో బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనకు తోడయ్యాడు. ఆ బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచాలని ఎన్ని పళ్లేలు పెట్టినా మొలవలేదు. రెండు రోజులు చూసి పారేయడం అక్కడి ఆనవాయితీ. 1982 ఈస్టర్ సెలవుల్లో ఎవరూ తీయక అయిదు రోజులు ఉండిపోయిన పళ్లెంలో అది మొలిచింది. మన పెరుగు కంటే నిదానంగా తోడుకునే రకమన్నమాట. ఈ రోజు దాన్ని హెలికోబాక్టర్ పైలోరి అంటున్నాం. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగేసి, వాంతులు పట్టుకుని, ఎండోస్కోపీ చేయించుకుని కడుపు వాచిందని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మీలో చాలామంది విన్న కథే కాబట్టి తొందరగా చెప్పేశాను. నేను మాట్లాడదలచినది దాని తర్వాతి కథ: ఇదే బ్యాక్టీరియా జీర్ణాశయ క్యాన్సర్‌కు కూడా కారణమని ఎలా పట్టుకున్నారన్నది. ఆ గ్లాసుడు ద్రవంతో మార్షల్ రుజువు చేసినది వాపును మాత్రమే, క్యాన్సర్‌ను కాదు. క్యాన్సర్‌కు పదులకొద్దీ సంవత్సరాలు పడుతుంది. అంతకాలం తన మీద ప్రయోగం ఎవరు చేసుకుంటారు?

పోనీ, క్యాన్సర్ వచ్చినవారి కడుపులో వెతికితే సరిపోదా? అక్కడే చిక్కు వచ్చింది. అలాంటి కడుపుల్లో చాలాసార్లు బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ ఆరు నెలలు కాదు, ముప్పై నలభై ఏళ్లు.

దొంగ ఎందుకు వెళ్లిపోతాడో చెప్పాలంటే ముందు ఎలా చొరబడతాడో చెప్పాలి. ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవారి నుంచి సోకుతుంది. కడుపులోకి రాగానే యూరియేజ్ అనే ఎంజైముతో అక్కడి యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారుచేసుకుంటుంది. ఆ అమ్మోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని చల్లార్చేస్తుంది. తర్వాత తోకల్లాంటి కశాభాలను ఆడిస్తూ మరమేకులా జిగురు పొరలోకి దూరి, ఆమ్లం తగలని లోతున స్థిరపడుతుంది. కొన్ని రకాలకు సూది లాంటి ఒక ఏర్పాటు కూడా ఉంది. దానితో క్యాగ్-ఏ అనే ప్రోటీనును నేరుగా మన కణంలోకి ఎక్కిస్తాయి. కణం పెరుగుదలను అదుపులో ఉంచే సంకేతాలను అది తారుమారు చేస్తుంది. మన రక్షణ వ్యవస్థ ఊరుకోదు, సైన్యాన్ని పంపుతుంది. కానీ శత్రువు జిగురు చాటున క్షేమంగా ఉంటాడు, దెబ్బలు తినేది మన పొరే.

ఈ యుద్ధం ఏళ్ల తరబడి సాగితే ఏమవుతుందో కొలంబియాకు చెందిన పెలాయో కొరియా అనే పాథాలజిస్టు అంచెలంచెలుగా వివరించారు. ముందు దీర్ఘకాలిక వాపు, తర్వాత ఆమ్లం ఊరే గ్రంథులు ఎండిపోవడం, ఆ తర్వాత కడుపు పొర పేగు పొరలా మారిపోవడం, ఆపైన కణాల రూపం చెడి చివరికి క్యాన్సర్. గ్రంథులు ఎండి ఆమ్లం తగ్గిపోయిన కడుపు పైలోరికి కూడా పనికిరాదు. ఇల్లు తగలబెట్టి వెళ్లిపోతుంది.

మరి పట్టుకున్నది ఎలా? పాత రక్తం పట్టిచ్చింది. హవాయిలో స్థిరపడిన జపాన్ సంతతి పురుషులు 5,908 మంది నుంచి 1967, 1970 మధ్య వేరే పరిశోధన కోసం రక్తం తీసి భద్రపరిచారు. 1989 నాటికి వారిలో 109 మందికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది. దాచిన రక్తాన్ని తీసి చూస్తే ఆ రోగుల్లో 94 శాతం మందికి అప్పటికే పైలోరి సోకిన గుర్తులున్నాయి. క్యాన్సర్ రానివారిలో అది 76 శాతం. లెక్క కడితే ముప్పు సుమారు ఆరు రెట్లని తేలింది. 1991లో ఇలాంటి ఫలితాలే మరికొన్ని వచ్చాయి. 1994లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పైలోరిని క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటి మొదటి వర్గంలో, అంటే పొగాకు ఉన్న వరుసలో చేర్చింది.

2001లో జపాన్ నుంచి వచ్చిన లెక్క నాకు మరీ ఇష్టం. 1,526 మందిని సగటున 7.8 ఏళ్లు గమనించారు. పైలోరి ఉన్న 1,246 మందిలో 36 మందికి క్యాన్సర్ వచ్చింది. లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. ఇందులో ఒక తమాషా ఉంది. పైలోరి ఉండి, చిన్నపేగు మొదట్లో పుండు ఉన్నవారిలో కూడా ఒక్కరికీ రాలేదు. ఆమ్లం ఎక్కువగా ఊరే కడుపు పుండు వైపు పోతుంది, ఆమ్లం తగ్గిపోయే కడుపు క్యాన్సర్ వైపు పోతుంది. ఒకే బ్యాక్టీరియా, రెండు దారులు.

దొంగను ముందే తరిమితే? చైనాలోని లిన్‌చూ ప్రాంతంలో 1995లో కొందరికి రెండు వారాలు మందు ఇచ్చారు. 22 ఏళ్ల తర్వాత చూస్తే వారిలో క్యాన్సర్ సుమారు సగానికి తగ్గింది. రెండు వారాల మాత్రలు ఇంతకాలం కాపు కాస్తాయని నేనైతే ఊహించి ఉండను. తైవాన్ పాలనలోని మాత్సు దీవుల్లో 2004 నుంచి జనమందరికీ పరీక్షలు చేసి మందులిచ్చినప్పుడు కూడా అంతే తగ్గింది.

ఇక మన సంగతి. భారతదేశంలో పైలోరి చాలామంది కడుపుల్లో ఉన్నా, జపాన్, కొరియాలతో పోలిస్తే జీర్ణాశయ క్యాన్సర్ తక్కువ. ఇందుకు కారణం మసాలాలో, పసుపో అని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి, ఈ చిక్కు ఇంకా విడలేదు. దేశంలోనే ఈ క్యాన్సర్ అత్యధికంగా ఉన్నది మిజోరంలో. అక్కడ పొగబెట్టి, ఉప్పువేసి నిల్వచేసిన మాంసం తింటారు, పొగాకు పొగను నీటిలోకి పట్టి తయారుచేసే తుయిబుర్ వాడతారు. సోకిన ప్రతి వంద మందిలో క్యాన్సర్ వచ్చేది ఒకరికో ముగ్గురికో. బ్యాక్టీరియా రకం, మన జన్యువులు, ఉప్పు, పొగ, ఇన్నీ కలిస్తేనే అంత దూరం వెళుతుంది.

కాబట్టి ఊరందరికీ యాంటీబయాటిక్ పంచడం మన దగ్గర తెలివైన పని అని నేను అనుకోను. దీనికి వాడే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకాలు ఇప్పటికే పెరిగిపోయాయి. కానీ పుండు ఉన్నవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చినవారు తప్పక పరీక్ష చేయించుకోవాలి. అలాంటి కుటుంబాల్లో మందు వాడితే ముప్పు సగానికి పైగా తగ్గినట్టు 2020లో దక్షిణ కొరియా వైద్యులు చూపించారు. ఊపిరి పరీక్ష, మలపరీక్ష ఉన్నాయి, అందరికీ గొట్టం వేయాల్సిన పని లేదు. అయితే రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రను రెండు వారాల ముందు డాక్టరుకు చెప్పి ఆపాలి, లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని చూపిస్తుంది. మందుల కోర్సు ముగిసిన నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మంట తగ్గిందని చాలామంది ఈ రెండోసారి రారు.

ఇక మీ ప్రశ్నలు. గ్యాస్ మాత్ర వాడుతున్నవారు చేతులెత్తండి, ముందు వారితో మొదలుపెడదాం. అబ్బో, ఇంతమందా!