ఈ సభకు రాలేనివాళ్లు

అందరికీ నమస్కారం.

ఇక్కడికి వచ్చేముందు ఇంట్లో ఎవరిని కూర్చోబెట్టి వచ్చారు? నేనైతే మా ఆడపడుచును బతిమాలుకుని వచ్చాను. మా అత్తగారికి పక్షవాతం వచ్చి ఆరేళ్లయింది. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే నడుం కింద ఎర్రబడి పుండు పడుతుంది. పన్నెండింటికి ఎడమవైపు తిప్పి వచ్చాను, రెండింటికల్లా ఇంట్లో ఉండాలి. అందుకని సూటిగానే చెప్పేస్తాను.

మంచాన పడ్డవాళ్లను జీతం లేకుండా చూసుకునేవాళ్ల కోసం ప్రభుత్వం ఒక విధానం తేవాలని, తెచ్చేముందు జనాన్ని అడగాలని మనం కోరుతున్నాం. అడగడమంటే ఎలా? కేంద్రం 2014లో పెట్టుకున్న పద్ధతి ప్రకారం చట్టాల ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలి. బాగుంది. దాన్ని ఇంగ్లీషులో వెబ్‌సైట్‌లో పెట్టి, కలెక్టరేట్‌లో పదకొండింటికి మీటింగ్ పెడితే వచ్చేదెవరు? ఆ వేళకు నా చేతిలో జావ గిన్నె ఉంటుంది. గొంతు పట్టేయకుండా చెంచా చెంచా పోయాలి, మింగారో లేదో గొంతు మీద వేలు పెట్టి చూసుకోవాలి. ఒక్క గ్లాసుకు ముప్పావుగంట.

చట్టంలో మన ఊసు లేకపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా చూసుకునే మనిషి కేర్‌గివరేనని, అందులో కుటుంబసభ్యులూ ఉన్నారని రాసింది. ఎక్కువ సాయం కావాల్సినవారికి కేర్‌గివర్ భత్యం ఇవ్వాలనీ 24వ సెక్షన్‌లో ఉంది. ప్రభుత్వ స్తోమతను బట్టి అని ఒక మెలికా ఉందనుకోండి. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద చూసుకునేవాళ్లకు నెలకు 600 రూపాయలని పెట్టారు. చిన్న మొత్తమే, కానీ చూసుకునే మనిషిని లెక్కలోకి తీసుకున్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారి పింఛను 15,000. మా అత్తగారికీ వస్తోంది, డైపర్లకూ మందులకూ పెద్ద ఆసరా. కాదనను. అది రోగికిచ్చే డబ్బు. నేను ఆ కాగితాల్లో ఎక్కడా లేను.

జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో లెక్కగట్టే 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం ఇంట్లోవాళ్ల బాగోగులు చూస్తున్నారు, రోజుకు 140 నిమిషాలు. మగవాళ్లలో 21.4 శాతం, 74 నిమిషాలు. ఇందులో పిల్లల పెంపకమూ కలిసే ఉంది. రాత్రి దగ్గు వినపడుతుందేమోనని సగం నిద్రలో పడుకునే గంటల్ని మరి ఏ గడిలో రాస్తారో!

నేనడిగేది ఒక్కటే. ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని మా గుమ్మంలోకి వస్తున్నాడు. అదే మనిషి చేతికి నాలుగు ప్రశ్నలు తెలుగులో రాసివ్వండి. "ఏం చేస్తుంటారమ్మా?" అని అడిగితే మేం "ఏం లేదండీ, ఇంట్లోనే" అంటాం, అలవాటైపోయింది. అలా కాదు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు? మీకు జ్వరమొస్తే ఆమెను ఎవరు చూస్తారు? ఏ పని మానేసి ఇంట్లో ఉన్నారు? ఇలా అడగాలి. జవాబు అక్కడే, మంచం పక్కనే రాసుకుని వెళ్లాలి.

మా ఆడపడుచు రెండుసార్లు ఫోన్ చేసింది. కుడివైపు తిప్పే వేళయింది. వస్తానండీ.